షేక్ గారు లేచి వెళ్ళిపోయిన రోజు

ఆ ముసలాయన చెప్పిన జోకుకి హాలంతా పడీ పడీ నవ్వింది. నా పక్కన కూర్చున్న నా కూతురు కూడా నవ్వింది. దాన్ని అనడానికేముంది, దానికేం తెలుసు? నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

కరోనా తగ్గి, మూతులకున్న గుడ్డలు తీసేసి, మనవాళ్ళు మళ్ళీ హాళ్ళు అద్దెకు తీసుకోవడం మొదలెట్టిన రోజులవి. ఇక్కడి జాతీయ దినోత్సవం వచ్చిందని బర్ దుబాయ్‌లో తెలుగువాళ్ళం ఒక సభ పెట్టుకున్నాం. పిల్లలకి జెండా రంగుల బట్టలు, పెద్దలకి శాలువాలు, చివర్లో బిరియాని. ఆయన్ని చెరో చెయ్యీ పట్టుకుని వేదిక ఎక్కించారు. ఎనభై దాటిన మనిషి. మా గోదావరి జిల్లాల నుంచి ఇక్కడికి మొదట వచ్చినవాళ్ళలో ఒకడు. ఎంతోమందికి వీసాలు ఇప్పించినవాడు. నేను చదువుకున్న బడి కమిటీలో ఒకప్పుడు ఆయన మాటే మాట. శాలువా కప్పి, పాత రోజుల ముచ్చట ఒకటి చెప్పండి సార్ అన్నారు.

చెప్పాడు. అప్పట్లో బడిలో రాజుగారి పండగ చేశారట. ఒక పెద్ద షేక్ గారు వచ్చారట. ఆడపిల్లలు అరబ్బీ డాన్సు చేస్తుంటే ఎక్కడినుంచో ఒక పిచ్చి ఖద్దామా కేకలేసుకుంటూ వచ్చి పడిందట. పిల్లల కాళ్ళ మీద నీళ్ళు గుమ్మరించి, పొగ పెట్టి, షేక్ గారు లేచి వెళ్ళిపోయేలా చేసిందట. "ఆయనతో ఫోటో దిగుదామని కొత్త సూటు కుట్టించుకున్నానండీ. ఆ సూటు ఇప్పటికీ బీరువాలో అలాగే ఉంది" అన్నాడు. అదీ జోకు.

ఖద్దామా అంటే ఇంటిపని చేసే ఆడమనిషి. ఆ మాటలో తప్పేం లేదు, వీసా మీద కూడా ఉండేది. ఆయన పలికిన తీరులోనే ఉంది తప్పంతా.

"అమ్మా, ఆ పనావిడ భలే ఉంది కదా" అంది నా కూతురు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆవిడ మా మేనత్త.

ప్లేటు అక్కడే పెట్టేసి పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను. అల్ కుసైస్ దాకా మెట్రోలో చెప్తూనే ఉన్నాను, దిగి నడుస్తూ చెప్పాను, ఇంటికొచ్చాక కూడా చెప్పాను. అది ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. వంట చేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా ఆ హాలు నవ్వే చెవుల్లో పడుతోంది. అందుకే రాస్తున్నాను.

మేం అప్పుడు సత్వాలో ఉండేవాళ్ళం. గదికో కుటుంబం చొప్పున ఉండే పాత విల్లా, మధ్యలో ఇసక వాకిలి, వాకిట్లో ఒకే ఒక్క కుళాయి. పొద్దున్నే ఆ కుళాయి దగ్గర మలయాళం, ఉర్దూ, తెలుగు కలిసి పోట్లాడుకునేవి. కిటికీ ఏసీల నుంచి కారే నీళ్ళకి బకెట్లు పెట్టేవారు. ఆ బకెట్లు నిండాయంటే పిల్లలం ఒకళ్ళ నెత్తిన ఒకళ్ళం గుమ్మరించుకునేవాళ్ళం. వీధి చివర పిట్టలు అమ్మే కొట్టు, దాని పక్కన ఇరానీ రొట్టెల కొట్టు. కాల్చిన రొట్టె వాసన వస్తే సాయంత్రం అయినట్టు లెక్క. ఆ విల్లా ఇప్పుడు లేదు. ఆ మధ్య వెళ్ళి చూస్తే మా గది ఉన్నచోట కార్లు నిలబెట్టి ఉన్నాయి.

నాన్న దర్జీ. అరబ్బు ఆడవాళ్ళ గౌన్లు కుట్టే కొట్లో పని. నోట్లో ఎప్పుడూ గుండుసూదులుండేవి. "మీ నాన్న నోరు విప్పితే సూదులు రాలతాయే, అందుకే విప్పడు" అని అమ్మ ఎగతాళి చేసేది. అప్పుడు నేనూ నవ్వేదాన్ని. పెద్దయ్యాక ఆ మాట తల్చుకుంటే నవ్వు రావడం మానేసింది.

అమ్మ ఒంటరి మగవాళ్ళకి భోజనాలు వండి క్యారియర్లు పంపేది. ఒకే గదిలో వంటా, నాన్న ఇంటికి తెచ్చుకున్న కుట్టుపనీ. ఇంగువ పోపు వాసన పోయి పోయి పట్టు గౌన్లకి పట్టేది. ఒక అరబ్బు ఆవిడ గౌను ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది కట్టుకునేదా తినేదా అని అడిగిందట. ఆ సంగతి చెప్పి నాన్న పగలబడి నవ్వాడు. ఆయన అలా నవ్వగా నేను మళ్ళీ చూడలేదు.

అత్త నాన్నకి అక్క. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఊళ్ళో ఒక్కతీ ఉండి ఏం చేస్తుందని నాన్న ఆ కమిటీ పెద్దాయన కాళ్ళా వేళ్ళా పడి ఇక్కడికి తెప్పించాడు. మా ఇంటికి నడిచి వచ్చే దూరంలోనే, జుమైరాలో, ఒక అరబ్బుల ఇంట్లో పని. ఆ ఇంటి యజమానే ఆమె కఫీల్, అంటే వీసాకి పూచీ ఉన్న మనిషి. ఆమె మా దగ్గర ఉండటం అంటే ఆయన ఉండనివ్వడమే. ఆయన వద్దనుకుంటే వీసా క్యాన్సిల్, విమానం. ఈ సంగతి నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. నేను అల్లరి చేస్తే అమ్మ బూచాడొస్తాడని బెదిరించేది కాదు. "మీ అత్తని పంపించేస్తారే" అనేది. అంతే, నోరు మూసుకునేదాన్ని.

శుక్రవారం మధ్యాహ్నం వచ్చేది అత్త. పైన నల్ల అబాయా, లోపల మన పువ్వుల చీర. ఆమె ఇంకా గుమ్మంలో ఉండగానే అగరు వాసన గదిలోకి వచ్చేసేది. రోజూ సాయంత్రం మట్టి కుంపటిలో బొగ్గు రాజేసి, అగరు చెక్క వేసి, గది గదికీ తిప్పడం, చుట్టాలొస్తే వాళ్ళ ముందు పట్టుకోవడం ఆమె పనుల్లో ఒకటి. చేతిలో స్టీలు గిన్నె ఉండేది. అందులో లుగైమాత్, ఖర్జూరం పాకంలో ముంచిన పిండి ఉండలు. "పూర్ణం పెట్టడం మర్చిపోయిన బూరెలే ఇయ్యి" అనేది. పాకం మోచేతి దాకా కారుతుంటే నాకుతూ తినేదాన్ని. ఆమె ఆ ఇంటి కబుర్లు చెప్పేది. ముసలావిణ్ణి మామా అనీ, ఆవిడ కొడుకుని బాబా అనీ పిలిచేది. మామాకి మోకాళ్ళ నొప్పులట, రాత్రిపూట మన నూనె రాసి పిసికితేగానీ పడుకోదట.

తిండయ్యాక నన్ను ముందు కూర్చోబెట్టుకుని తలకి నూనె పెట్టి, వెంట్రుకలు చర్మంలోంచి ఊడి వస్తాయేమో అన్నంత బిగించి జడ వేసేది. నా జుట్టు తొడల దాకా ఉండేది. అది ఆమె పెంచిన జుట్టు. జుట్టు విరబోసుకుంటానంటే మాత్రం ఊరుకునేది కాదు.

ఊళ్ళో అమ్మవారి జాతరలో పూనకం వచ్చిన ఆడవాళ్ళ కాళ్ళకి పసుపు నీళ్ళు పోసి, ధూపం వేసి, శాంతించమని వేడుకునే పని అత్త పుట్టింటివాళ్ళది, అంటే మాదే. ఆమె చిన్నప్పుడు ఆమె ఈడు పిల్ల ఒకతి జాతరలో జుట్టు ముడి ఊడి ఊగడం మొదలుపెట్టిందట. పక్కన నీళ్ళు పోసేవాళ్ళు లేరట. ఊగి ఊగి పడిపోయిన పిల్ల మళ్ళీ లేవలేదట. అత్త అప్పుడు చెరువుకి నీళ్ళకి వెళ్ళి ఉంది. "నేనుంటే బతికేదే. జుట్టిరబోసుకోటం ఆట కాదే కోడలుపిల్లా" అనేది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతులు నా తల మీద ఒక్క క్షణం ఆగిపోయేవి.

ఆ ఏడు రాజుగారు గద్దెనెక్కిన రోజుని బడులన్నీ ఘనంగా జరపాలన్నారు. మా బడికి రాజుగారి బంధువు, ఒక పెద్ద షేక్ వస్తారని తెలిసేసరికి కమిటీ పెద్దాయన కాళ్ళు నేల మీద నిలవలేదు. ఊరేగింపు అన్నాడు, బ్యాండు అన్నాడు. బడి ఆవరణలో అరబ్బు గుడారం వేయించి, గావా, అదే అరబ్బు కాఫీ, కాచేవాణ్ణీ, ఖర్జూరాలనీ, ధూపం కుంపట్లనీ అద్దెకు మాట్లాడాడు. ఇక్కడి ఆడపిల్లలు పండగలకి చేసే డాన్సు ఒకటుంది. నిలబడినచోటే తల ఊపుతూ, విరబోసిన జుట్టుని ఇటునుంచి అటు విసరాలి. మన పిల్లల చేత అది చేయించాలన్నాడు. డాన్సు మిస్సు మమ్మల్ని వరుసలో నిలబెట్టి రిబ్బన్లు లాగేసింది. నా జుట్టు చూసి, నువ్వు ముందు వరసలో మధ్యన అంది.

నాకు భూమ్మీద కాలు ఆనలేదు. ఆ బడిలో అప్పటిదాకా నన్నెవరూ ముందు వరసలో నిలబెట్టలేదు. దర్జీ కూతురివి, నీకెందుకు అన్నట్టే ఉండేది.

డాన్సు పిల్లలందరి బట్టలూ నాన్న కుట్టాలని కమిటీ పెద్దాయన కబురు పంపాడు. అడగలేదు, పంపాడు. నాన్న వీసా కూడా ఆయన చలవే మరి. బర్ దుబాయ్ నుంచి ఆకుపచ్చ పల్చని గుడ్డ తాన్లు తాన్లు వచ్చింది, బంగారు జరీ అంచు వచ్చింది. గదిలో అడుగు పెట్టడానికి చోటు లేదు. నేనూ పక్క గది పిల్లా కలిసి ఆ జరీ మెడకి చుట్టుకుని పెళ్ళికూతుళ్ళమయ్యాం. ఒక గజం ముక్క నలిగిపోతే మంచం కింద దాచేశాం. 

"వదినకి ఏం చెప్తారు?" అని అమ్మ అడిగింది నాన్నని.

"అక్కకి చెప్పకు. పండగ పనిరోజున కదా, ఎలాగూ రాదు" అన్నాడు.

అలా ఆమెకి తెలియనివ్వలేదు. వారమంతా నేను జుట్టు విదిలించి సాధన చేసేదాన్ని, గురువారం అమ్మ నూనె పెట్టి చిక్కు తీసి మళ్ళీ జడ వేసేది. ఇక్కడ వాళ్ళు లెక్కవేసుకోనిది ఒక్కటే. కోడలుపిల్ల షేక్ గారి ముందు ఏదో చేస్తోందని మాత్రం ఆమెకి ఎలాగో తెలిసింది. మామాని బతిమాలుకుంది. ఆ పూటకి ఆవిడ సరే యల్లా వెళ్ళు అంది. మాకు చెప్పకుండా, మేం చూసి సంతోషపడతామని, వచ్చేసింది.

పొద్దుటినుంచీ ఎండలో నిలబెట్టారు మమ్మల్ని. చేతుల్లో కాగితం జెండాలు. ఏలకులు వేసిన గావా వాసన, బొగ్గుల మీద అగరు వాసన, చెమట వాసన. మగపిల్లలు గుడారం వెనకనుంచి చెయ్యి పెట్టి ఖర్జూరాలు లాగేసి, గింజలు మా మీదికి విసిరారు. కమిటీ పెద్దాయన ఆ ఎండలో కొత్త సూటు వేసుకుని, షేక్ గారికి ఇవ్వాల్సిన వెండి పడవ బొమ్మ పెట్టె చంకలో పెట్టుకుని తిరుగుతున్నాడు. వేడికి మొహం వంకాయ రంగుకి వచ్చింది.

షేక్ గారు వచ్చారు. తెల్ల గడ్డం, చేతికర్ర, పొట్టి మనిషి. పెద్ద కుర్చీలో కూర్చుని అందరి వైపూ చూసి చెయ్యెత్తారు. ముందు డాన్సు, తర్వాత పెద్దాయన ఉపన్యాసం, ఆ తర్వాత పడవ బొమ్మ, ఫోటో. అదీ వరస.

డప్పులు మొదలయ్యాయి. తల తిప్పాను. జుట్టు ఒక్కసారి కుడివైపుకి లేచి మొహం మీదుగా ఎడమవైపుకి పోయింది. మళ్ళీ ఇటు. కొంచెం సేపటికి ఎదురుగా ఉన్న మనుషులు చెరిగిపోయారు. డప్పు ఒక్కటే ఉంది. అంత సంతోషం నేను మళ్ళీ ఎరగను. ఆ సంతోషమే మా అత్త కంటికి ఎలా కనపడి ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది.

"అయ్యో నా తల్లే" అని ఒక కేక వినపడింది.

ఆడవాళ్ళ కుర్చీల మధ్యనుంచి పరిగెత్తుకొచ్చింది. కుర్చీలు పడ్డాయి. చేతిలోని నీళ్ళ సీసా మూత పళ్ళతో లాగేసి నా కాళ్ళ మీద పోసింది, పక్క పిల్ల కాళ్ళ మీద పోసింది. గుడారం దగ్గర రాజేసి పెట్టిన ధూపం కుంపటి ఒకటి తీసుకుని మా చుట్టూ తిప్పింది. "శాంతించు తల్లీ, శాంతించు. ఖలాస్ తల్లీ, ఖలాస్" అంటోంది. అమ్మవారికి కూడా అరబ్బీలోనే చెప్పింది, అలవాటైపోయి. మొహమంతా కన్నీళ్ళు. డప్పులు ఆగిపోయాయి. నేను ఆగిపోయాను. నా గడ్డం పట్టుకుని ఎత్తి కళ్ళలోకి చూసింది. నేను "అత్తా" అన్నాను. నేను నేనే అని తెలిశాక ఆమెకి ఊపిరొచ్చింది.

వెనక్కి తిరిగింది. ఎదురుగా షేక్ గారు. ఆమె చేతిలో ధూపం. రోజూ చేసే పని కదా, చేతులు వాటంతటవే ముందుకి చాచాయి. తల వంచి ఆయన ముందు పట్టుకుంది. ఆయన నవ్వారు. పొగని అరచేత్తో గడ్డంలోకి లాక్కున్నారు, తలగుడ్డ అంచు ఎత్తి దాన్నీ ధూపానికి పట్టారు. ఏదో ఒక మాట అన్నారు. పక్కవాళ్ళూ ధూపం పట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన కర్ర ఆనించుకుని లేచి నిలబడ్డారు. వెంట వచ్చినవాళ్ళందరూ లేచారు. కార్లెక్కి వెళ్ళిపోయారు.

ఉపన్యాసం లేదు. పడవ లేదు. ఫోటో లేదు.

కమిటీ పెద్దాయన మాకేసి వచ్చిన తీరు చెప్తే నమ్మరు. కొడతాడనుకున్నాను. "ఎవరిది ఈ మనిషి? షేక్ గారికి కోపం తెప్పించి లేపేసింది. బడి మూసేస్తే ఎవడు జవాబు చెప్తాడు?" అని అరిచాడు. నాన్న అక్కడే ఉన్నాడు. ఎవరి అంచైనా ఊడితే కుట్టడానికి సూదీ దారం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీ మనిషేనా?" అని నలుగురి ముందూ అడిగాడు, నాన్నకి అక్కేనని వీసా ఇప్పించినప్పటినుంచీ తెలిసి కూడా.

"మా ఊరావిడండి" అన్నాడు నాన్న. "తెలిసినావిడ."

ఆ రోజు ఆయన నోట్లో గుండుసూదులు కూడా లేవు.

అత్త అప్పటికే ఏదో చెప్పబోతూ నోరు తెరిచింది. నాన్న మాట విని, ఆయన వంక చూసి, మూసుకుంది. కుంపటి జాగ్రత్తగా కింద పెట్టింది. అబాయా సర్దుకుని గేటు వైపు నడిచింది. నేను వెనకాల పరిగెత్తబోతే మిస్సు జబ్బ పట్టుకుంది.

ఆ శుక్రవారం అమ్మ అన్నం వండి కూర్చుంది. అత్త రాలేదు. చీకటి పడకముందే ఆ ఇంటి డ్రైవరు, పెషావర్ ఆయన, నాన్న కొట్టుకి వచ్చి, "బాజీ చలీ గయీ. ఖలాస్", అక్క వెళ్ళిపోయింది, అంతే, అని చెప్పి వెళ్ళాడట. మీ వీసాతో వచ్చిన మనిషి నిండు సభలో షేక్ గారిని అవమానించింది, మీకే చెడ్డపేరని కమిటీ పెద్దాయన స్వయంగా ఆ ఇంటికి వెళ్ళి చెప్పాడు. ఏ ఇంట్లో పని చేస్తోందో ఆయనకి తెలుసుగా, వీసా ఇప్పించిందే ఆయన. ఆ యజమాని ప్రభుత్వ ఉద్యోగి, భయపడ్డాడు. అసలేం జరిగిందని ఆమెని ఒక్క మాట అడగలేదు. మామా ఏడుస్తూ అడ్డం పడిందట. ఎవరు విన్నారు? మమ్మల్ని చూడటానికి కూడా రానివ్వకుండా విమానం ఎక్కించేశారు.

నాన్న తన బొటనవేలు కుట్టుమిషను కింద పెట్టుకున్నాడు ఆ వారంలో. సూది గోరులోంచి దిగిపోయింది. ఆ కట్టుతోనే మిఠాయి డబ్బా కొని, నన్ను వెంటబెట్టుకుని కమిటీ పెద్దాయన ఆఫీసుకి వెళ్ళాడు, పొరపాటైంది క్షమించండని చెప్పడానికి. ఆయన కుర్చీలోంచి లేవలేదు. నీ పేరు బయటికి రాకుండా చూశాను, లేకపోతే నువ్వూ నీ పెళ్ళాం పిల్లా అదే విమానంలో పోయేవాళ్ళు, నా పుణ్యం అనుకో అన్నాడు. నాన్న రెండు చేతులూ జోడించాడు, ఆ కట్టున్న చేత్తో సహా. డబ్బా నా చేత బల్ల మీద పెట్టించాడు. అందులో ఉమ్మి పెట్టి ఉండాల్సింది అని నాకు ఇన్నేళ్ళకీ అనిపిస్తుంది. ఇది చదివి ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

బడి మాత్రం మూతపడలేదు. దానికి కారణం నాకు అరబ్బీ మాస్టారు చెప్పాడు. ఈజిప్టు ఆయన, పొట్ట ముందుకు వేసుకుని నవ్వుతూ పాఠం చెప్పేవాడు. ఒక రోజు నేను డెస్కు మీద తల పెట్టుకుని ఉంటే దగ్గరికొచ్చి, ఆ ధూపం పట్టినావిడ ఎలా ఉంది అని అడిగాడు. పంపించేశారన్నాను. ఆయన మొహంలో నవ్వు పోయింది. ఎందుకు అన్నాడు. షేక్ గారికి కోపం వచ్చింది కదా అన్నాను.

కోపమా, ఎవరన్నారు, అన్నాడాయన. ఇక్కడి ఇళ్ళలో చుట్టాలకి ధూపం ఆఖర్న పడతారు. ధూపం ముందుకి వచ్చిందంటే ఇంక లేవచ్చని అర్థం, పట్టుకుని దీవించి వెళ్ళిపోతారు. ఆయన ముసలాయన, పాత పద్ధతి మనిషి. ధూపం వచ్చింది, లేచాడు. పోతూ పోతూ ఆయన అన్న మాట, ఈ ఇంటివాళ్ళకి మేలు కలగాలని. నేను పక్కనే ఉన్నాను, విన్నాను, అన్నాడు.

నేను ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. గుమ్మంలో అమ్మకి ఎదురుపడి గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. అమ్మ లోపలికి చూసింది. నాన్న మిషను ముందు, మిషను నడవకుండా, కూర్చుని ఉన్నాడు. అమ్మ నా నోరు చేత్తో మూసింది. "ఇప్పుడు కాదు. ఆయన అన్నం తిని ఎన్నాళ్ళయిందో చూశావా?" అంది. ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు అంటూనే బడికి సెలవులొచ్చాయి.

సెలవులకి ఊరెళ్ళాం. నాన్న రాలేదు, పని ఉందన్నాడు. అత్త వాళ్ళాయన వదిలిపోయిన ఒంటిగది ఇంట్లో ఉంది. ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చుంటే దుబాయ్ కబుర్లు చెప్తోంది. షేక్ గారికి ఈ చేతుల్తోనే ధూపం పట్టాననీ, ఆయన దీవించి వెళ్ళాడనీ, ఇంక చాలనిపించి తనే వచ్చేశాననీ. నాకు ఒళ్ళు మండిపోయింది. అబద్ధం, గెంటేశారు అని అరవబోయాను. నా తొడ మీద గట్టిగా గిల్లింది.

వాళ్ళు వెళ్ళాక పెరట్లో చేపలు తోముతూ కూర్చుంది. నేను మాస్టారు చెప్పిందంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"నాకు తెలీదా? నేను రోజూ పట్టే ధూపమే కదే. ఆయన లేచినప్పుడే తెలిసిపోయింది, నేనే లేపేశానని."

"మరి అక్కడ చెప్పొచ్చు కదా అత్తా? ఆ కమిటీ ఆయన మీద ఎందుకు అరవలేదు?"

బూడిద చేతుల్తోనే మొహం మీద వెంట్రుక తోసుకుంది. "చెప్దారనే నోరు తెరిచాను. మా అక్క అని ఒక్క మాట అనుంటే చెప్పేదాన్నే. ఊరావిడ అన్నాడు. ఊరావిడ మాట ఎవరింటారు?"

నేను నాన్నని ఏదో అన్నాను. ఏమన్నానో రాయను. అత్త చేప కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. చేతులు చల్లగా, నీచు వాసనతో ఉన్నాయి.

"ఈ మాట వాడి చెవిన పడకూడదు. షేక్ కి కోపమొచ్చింది, నోరెత్తితే పెళ్ళాం బిడ్డా వీధిన పడేవాళ్ళు, అందుకే ఊరుకున్నాను, అనుకుంటున్నాడు. అలాగే అనుకోనీ. ఊరికినే అక్కని పోగొట్టుకున్నానని తెలిస్తే నా తమ్ముడు బతకడే."

ఒట్టు వేయించుకుంది.

అదీ నేను ఇన్నేళ్ళూ నోరు మెదపకపోవడానికి కారణం. ఆ పెద్దమనిషి ఎన్ని సభల్లో ఎన్ని శాలువాలు కప్పించుకున్నా, పండక్కి మా ఇంటికొచ్చి మా అమ్మ చేతి భోజనం చేసి నాన్న భుజం తట్టినా, వడ్డిస్తూ నిలబడ్డాను. అత్త పోయింది. అప్పుడూ చెప్పలేదు. నాన్న ఊరెళ్ళి ఆమెకి కొరివి పెట్టి వచ్చాడు, మళ్ళీ మిషను ముందు కూర్చున్నాడు. తర్వాత అమ్మ పోయింది. నాన్న నా దగ్గర, కుసైస్‌లో ఉండిపోయాడు.

కరోనా రెండో ఏడు ఆయన మంచం పట్టాడు, మళ్ళీ లేవలేదు. ఒక మధ్యాహ్నం అన్నం కలిపి తినిపిస్తున్నాను. రెండు ముద్దలు తిని చాలన్నాడు. ఎన్నడూ ఎత్తని ఊసు ఎత్తాడు.

"ఆ రోజు షేక్ గారికి అంత కోపం రాకపోతే మా అక్క ఇక్కడే ఉండేది కదమ్మా?"

అన్నీ గొంతు దాకా వచ్చాయి. మాస్టారు చెప్పింది, కట్టున్న చేతులు జోడించడం, మిఠాయి డబ్బా, ఊరావిడ అన్న మాట. ఒక్కసారి అరిస్తే చాలు, నా కడుపులో మంట చల్లారిపోయేది. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు.

"అవును నాన్నా, ఆయనకి చాలా కోపం వచ్చింది" అన్నాను.